మా కోడలు లేపని మెషీను

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి దాచిపెట్టి లాభం లేదు. కానీ ఆ రోజు పక్కింటావిడ మీద నాకొచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే. కొత్తగా అద్దెకు దిగినావిడకి మా ఇంటి గురించి చెబుతోంది. "వీళ్ళ కోడలు ఎక్కడో సర్వర్ల దగ్గర పనిచేస్తుందండీ" అంది. "అయ్యో పాపం, ఏ హోటల్లో?" అంది కొత్తావిడ. సరిదిద్దుతుందేమోనని ఎదురుచూశాను. "ఏమో, పెద్ద హోటలే అయ్యుంటుంది, కారొచ్చి ఎక్కించుకెళ్తుంది" అంది మహాతల్లి.

చేతిలో ఉన్న తడిబట్టను తీగ మీద పడేసి వెళ్ళాను. "అమ్మా, మా కోడలు వడ్డించే చోట పనిచెయ్యదు. నీకు గుండెల్లో నొప్పొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేస్తావు, అవునా? ఆ ఫోనెత్తే మనిషి ముందు కంప్యూటరుంటుంది. దాని వెనక ఇంకా పెద్ద కంప్యూటర్లుంటాయి. వాటినే సర్వర్లంటారు. వాటిని లేపేది మా కోడలు. ముట్టుకోకుండా, దూరం నుంచి!" అన్నాను. ఇద్దరూ తలలూపారు. ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదని ఆ ఊపడంలోనే తెలిసిపోయింది. అందుకే, మొత్తం కథ ఒకసారి వివరంగా చెప్పుకుంటే తప్ప నా ప్రాణం ఊరుకోదు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నేను పాతకాలపు టెలిఫోన్ ఆపరేటర్ని. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని బోర్డు ముందు కూర్చునేదాన్ని. దీపం వెలిగితే తీగ లాగి గుచ్చి, ఎవరికి కావాలో అడిగి, ఇంకో తీగ గుచ్చి కలిపేదాన్ని. ఊళ్ళో సగంమంది కష్టసుఖాలు నా చేతుల మీదుగా వెళ్ళినవే. తర్వాత మెషీన్లొచ్చి బోర్డులను మింగేశాయి. నేను పింఛనుదారునయ్యాను. అప్పటినుంచి మెషీనంటే నాకు ఒళ్ళుమంట.

అలాంటి ఇంట్లోకి మెషీన్లే లోకమైన కోడలొచ్చింది. నా కొడుకు మోటార్లు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, లోపలి రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి తిప్పుతాడు. ఆ అమ్మాయి ఒకరోజు వాడి షాపుకి కాలిన ఫ్యాను పట్టుకొచ్చిందట. రేపు రమ్మంటే వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ఎన్ని చుట్లు చుడుతున్నారు, ఎందుకన్ని, తక్కువ చుడితే ఏమవుతుందని ప్రాణం తీసిందట. ఫ్యాను బాగైపోయాక కూడా రావడం మానలేదు. అప్పటికైనా మావాడికి అర్థమైంది, అదే గొప్ప.

డిప్లొమా చదివిన పిల్ల. అంబులెన్సు, ఫైరింజను ఫోన్లన్నీ వచ్చే కాల్ ఆఫీసులో చేరింది. చేరడం మాత్రం సామాన్ల స్టోరులో. కీబోర్డు పాడైతే కొత్తది ఇవ్వడం, మౌసు పోతే మార్చడం, వైర్ల చుట్టలు అల్మరాల్లో సర్దడం. రెండు బల్బులు, కిటికీ లేని గది. అక్కడ కూర్చునే, ఖాళీ దొరికినప్పుడల్లా సర్వర్ల గదిలోకి దూరి పని నేర్చుకుంది. తలుపు తీస్తే చలి, హోరు. బయట ఎండ మండిపోతుంటే మా కోడలు శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుని ఆఫీసుకెళ్ళేది. బస్సులో జనం పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్ళట.

అప్పట్లో అక్కడ పద్ధతేమిటంటే, కొత్త సర్వర్ వచ్చినా, పాతది పడకేసినా ఒక మనిషి దాని ముందు గొంతుక్కూర్చోవాలి. స్క్రీను తగిలించాలి, కీబోర్డు తగిలించాలి, డిస్కు గుచ్చాలి. అడిగిన ప్రశ్నలకల్లా జవాబులు కొడుతూ పూటంతా దానికి సేవ చెయ్యాలి. ఈలోగా ఇంకోటి పడితే అది తన వంతు కోసం ఎదురుచూడాలి. మా కోడలికి ఇది నచ్చలేదు. ఫోన్లు ఎదురుచూడవు కదా అనేది.

ఒక ఆదివారం కూరగాయలు తరుగుతూ నాకు పాఠం చెప్పింది. "అత్తయ్యా, కరెంటు రాగానే మెషీను లేస్తుంది. కానీ దానికి తన పేరు కూడా తెలీదు, పనేంటో తెలీదు."

"పోయిన మీ మావయ్య కూడా అంతేనే. మధ్యాహ్నం నిద్రలేస్తే ఏ ఊళ్ళో ఉన్నాడో తెలిసేది కాదు."

"అదే అనుకోండి," అంది నవ్వి. "అప్పుడది వైరులోకి కేకేస్తుంది. ఎవరైనా ఉన్నారా, నేనెవర్ని, నన్నేం చెయ్యమంటారు అని. ఆ వైరు మీదే వేరే చోట ఒక మెషీనుంటుంది. దాని పనే జవాబు చెప్పడం. నీ పేరు ఫలానా, నీ పని ఇది, ఇదిగో పట్టుకో అని మొత్తం పంపించేస్తుంది. అది అందుకుని తయారైపోతుంది. మనిషి వెళ్ళక్కర్లేదు."

"అంటే ఆ రెండోది నా బోర్డులాంటిదన్నమాట."

"అచ్చంగా."

అప్పటినుంచి దాన్ని లేపే మెషీనని పిలుస్తున్నాను. వాళ్ళ భాషలో ఏదో బూట్ సర్వర్ అంటారు. పాఠమైతే ఒంటబట్టింది గానీ, మెషీన్ల మీద నా కోపం తగ్గిందని మాత్రం ఒప్పుకోలేదు.

పైవాళ్ళను ఒప్పించి ఆ లేపే మెషీనును పెట్టింది. పూట పట్టే పని టీ చల్లారేలోపు అయ్యేది. ఆఫీసులో ఆవిడకి మేలుకొలుపు మేడమని పేరు పడిపోయింది. ఇంటికొచ్చి చెబుతూ సిగ్గుపడేది. నేను మాత్రం వీధంతా చెప్పుకున్నాను, సిగ్గెందుకు!

ఎక్కువ మురిసిపోకూడదంటారు. దెబ్బ అక్కడే తగిలింది.

కొత్త మెషీన్లు గుట్టగా వచ్చిన రోజులవి. వాటిని గబగబా తయారుచెయ్యాలని, ఎవరడిగినా సరే జవాబు చెప్పెయ్యమని లేపే మెషీనుకు ఆజ్ఞ పెట్టింది. జవాబు చెప్పడమంటే లోపల ఉన్నదంతా తుడిచి కొత్తగా రాయడం. కొత్తవాటిలో ఎలాగూ ఏమీ ఉండదు కాబట్టి బాధ లేదు. పని అయ్యాక ఆ ఆజ్ఞ తీసెయ్యాలి. తియ్యలేదు. ఒక మధ్యాహ్నం సర్వర్ల గదిలో ఎవరో దుమ్ము దులుపుతూ, పనిచేస్తున్న మెషీనును ఒకదాన్ని ఆపి మళ్ళీ వేశారు. అది లేచి, అలవాటు చొప్పున నేనెవర్నని కేకేసింది. లేపే మెషీను నువ్వు కొత్తదానివే అని చెప్పేసింది. అంతే, పలక తుడిచినట్టు తుడిచిపెట్టుకుపోయింది.

మిగతా మెషీన్లుండబట్టి ఫోన్లు ఆగలేదు. కానీ ఆ మెషీనులో వచ్చిన ఫోన్ల మాటలన్నీ రికార్డై ఉన్నాయి. ఆ వారం మాటలు వేరే చోటికి ఇంకా ఎక్కించలేదు. అవి పోయాయి.

పక్కసీటులో బక్కపల్చటి మనిషొకాయన ఉంటాడు. అందరూ బక్కాయనంటారు. మంచివాడే. "చెల్లెమ్మా, డిస్కు పోయిందని రాసెయ్, డిస్కులు పోవడం లోకంలో లేదా?" అన్నాడట. "డిస్కు పోలేదన్నయ్యా, నేను తుడిపించాను" అని, నేరుగా పెద్దసారు గదిలోకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్దసారంటే ఆ ఆఫీసుకంతటికీ అధికారి.

అక్కడితో అయిపోయినా బాగుండేది. కూరగాయల బండి తోసుకునే మనిషొకాయన కొద్దిరోజులుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన తమ్ముడిని లారీ గుద్దింది. పడిపోయిన తమ్ముడే ఫోన్ చేసి సాయం అడిగాడట. అంబులెన్సు వెళ్ళేసరికి ప్రాణం లేదు. ఆ ఫోను కాపీ ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. అది కూడా ఆ మెషీనులోనే ఉంది. ఎవరిచేతైనా చెప్పించొచ్చు, లేదా పోయిందని కాగితం పంపించొచ్చు. మా కోడలు వరండాలోకెళ్ళి ఆయనెదురుగా నిలబడి, నా పొరపాటు వల్ల పోయిందని చెప్పింది. "అందులో మా తమ్ముడి గొంతుందమ్మా" అన్నాడట ఆయన. బండి తోసుకుని వెళ్ళిపోయాడు.

"తిట్టుంటే బాగుండేదత్తయ్యా" అంది ఇంటికొచ్చి. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఓదార్చలేదు. ఓదార్చే మాటలేవీ దానికి సరిపోవని నాకు తెలుసు. కంచం తీసి మూతపెట్టి పక్కన కూర్చున్నాను. కానీ ఒక మాట లోపల అనుకున్నాను. తప్పు చెయ్యనివాళ్ళు ఎక్కడా లేరు. చేసినదాన్ని ఇలా ఎదురెళ్ళి చెప్పేవాళ్ళు మాత్రం నాకు ఎక్కువమంది తారసపడలేదు.

నిజం చెప్పిందని పెద్దసారు ఆవిడ మీద చర్య తీసుకోలేదు. కానీ ఆయన పైన ఇంకా పెద్దలున్నారు. ఈ పని బయటి కంపెనీకిచ్చేద్దామని వాళ్ళు పట్టుబట్టారు. పెద్దసారు ఎలాగోలా ఒక్క అవకాశం సంపాదించాడు. ఊరికి అవతలి కొసన ఇంకో భవనముంది. కింద అంబులెన్సుల షెడ్డు, పైన తాళం వేసిన గది. ఆ గదిలో పన్నెండు సర్వర్లు. ఇక్కడ అగ్గి తగిలినా, నీళ్ళొచ్చినా అక్కడివి లేచి పని అందుకోవాలి. అవి అప్పటిదాకా ఒక్కసారి కూడా వాటంతటవి లేచిన పాపాన పోలేదు.

"పైవాళ్ళ షరతు ఇదమ్మా," అన్నాడట పెద్దసారు. "అందరి ముందూ పరీక్ష. ఆ గదిలో మనిషి కాలుపెట్టకుండా పన్నెండూ లేవాలి. లేచాయా, పని నీది. ఒక్కటి తగ్గినా బయటివాళ్ళది. నిన్ను మళ్ళీ స్టోరుకి పంపమంటున్నారు. నేనాపలేను."

నాకు ఆ కిటికీ లేని గది గుర్తొచ్చింది. కోడలు మాత్రం "సరేనన్నానత్తయ్యా" అని చేతులు కడుక్కుని పనిలో పడింది.

మా ముందుగది మెషీన్ల సంతైపోయింది. ఆఫీసులో పక్కన పడేసిన పాతవి మూడు అడిగి తెచ్చుకుంది. మావాడు ఇనపకమ్మీలు అతికి వాటికో స్టాండు చేసిపెట్టాడు. సెలవురోజుల్లో మధ్యాహ్నాలు ఆవిడ వాటిని లేపడం, పడుకోబెట్టడం, మళ్ళీ లేపడం. నన్ను కాపలా పెట్టి వంటింట్లోకి వెళ్ళేది.

ఒకసారి అలా కూర్చుని చూస్తున్నాను. మెషీను లేచింది, తుడుచుకుంది, రాసుకుంది, ఆగింది, లేచింది. మళ్ళీ తుడుచుకుంది, మళ్ళీ రాసుకుంది. మూడోసారి కూడా మొదలుపెట్టేసరికి నాకు అనుమానమొచ్చింది.

"ఏమే, దీనికి చాదస్తం పట్టినట్టుంది. స్నానం చేసొచ్చి మళ్ళీ నీళ్ళగదిలోకి పోతోంది" అని కేకేశాను.

గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. చూసి తలకొట్టుకుంది. "పని అయిపోయిందని దానికి చెప్పడం మర్చిపోయానత్తయ్యా. లేచిన ప్రతిసారీ అడుగుతోంది, అడిగిన ప్రతిసారీ లేపే మెషీను మొదట్నుంచీ చెయ్యమంటోంది." మావాడు పడీ పడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ వరండా సంగతి జరిగాక ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు. ఆ నవ్వు చూసి నాకూ ఉషారొచ్చి, మెషీన్లకు కూడా టీ పొయ్యమంటావా అన్నాను.

ఈసారి ఆవిడ పెట్టుకున్న పద్ధతి వేరు. ప్రతి మెషీనుకూ వైరు గుచ్చే కార్డు మీద పుట్టుకతోనే ఒక నంబరు ఉంటుందట, ఒకదాని నంబరు ఇంకోదానికుండదు. ఆ పన్నెండింటి నంబర్లనూ లేపే మెషీనుకు చెప్పింది. వీటికి తప్ప ఇంకెవరికీ నోరు విప్పకూడదని ఆజ్ఞ. తెలియని నంబరు అడిగితే మౌనం. అడిగిన మెషీను కాసేపు చూసి, విసుగొచ్చి, లోపల పాతది ఏముంటే దానితోనే లేస్తుంది. "ఊరుకోవడం కూడా నేర్పానత్తయ్యా దానికి" అంది. నేను కూడా నేర్చుకోవచ్చునేమో అన్నట్టు మావాడు నా వైపు చూశాడు. వాడి సంగతి తర్వాత చూశాను.

పరీక్ష రోజు నన్నూ పిలిచారు. కోడలి అత్తగారినని కాదు సుమా! ఉత్తుత్తి ఫోన్లు చెయ్యడానికి స్పష్టంగా మాట్లాడేవాళ్ళు కావాలని రిటైరైన ఆపరేటర్లను రమ్మన్నారు. మంచి చీర కట్టుకుని వెళ్ళాను. పెద్ద హాలు. బల్లల మీద వరసగా ఫోన్లు. గోడ మీద తెర, అందులో అవతలి భవనంలోని గది కనిపిస్తోంది. మూసిన తలుపు, చీకట్లో ఇనుప బీరువాలంత సర్వర్ల వరస. ఆ గది తాళంచెవి పైవాళ్ళ ముందు బల్ల మీద ఉంది. బయటి కంపెనీవాళ్ళు ముందు వరసలో, పెళ్ళికొడుకుల్లా ముస్తాబై కూర్చున్నారు. వాళ్ళ బూట్ల తళుకు చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

మా కోడలు ఓ పక్కగా చిన్న బల్ల దగ్గర కూర్చుంది. ముందు ఒక స్క్రీను. బక్కాయన పక్కనే ఉన్నాడు. నా కుర్చీ వాళ్ళ వెనకే పడింది, అదృష్టం. పెద్దసారు తలూపాడు. ఆవిడ మీట నొక్కింది.

మొదట ఏమీ లేదు. తర్వాత చీకటి గదిలో ఒక పచ్చదీపం వెలిగింది. పక్కన ఇంకోటి. ఆవిడ స్క్రీను మీద ఒక్కో పేరు పక్కన లేచిందని పడుతోంది. నాలుగు, అయిదు, ఆరు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. అన్నీ ఒక్కసారి బరువెత్తుకునేసరికి కాబోలు, తెర మీద ఆ తలుపు కింది సందులో కనిపించే వరండా వెలుగు ఒక్కసారి మినుక్కుమని నిలబడింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు.

పదకొండు దగ్గర ఆగిపోయింది.

వరస చివర ఒకటి చీకట్లోనే ఉండిపోయింది. అదే సమయానికి ఆవిడ స్క్రీను కింది భాగంలో ఎర్రగా ఒక వాక్యం వచ్చి నిలబడింది. తెలియని నంబరు ఒకటి అడుగుతోంది, నేనెవర్నని.

బక్కాయన ఊపిరి వదిలాడు. "హమ్మయ్య, ఇదే. పోయిన నెల అందులో ఒకదానికి కార్డు మార్చారట చెల్లెమ్మా. కార్డు మారితే నంబరు మారుతుందిగా. ఈ నంబరు ఎక్కించెయ్, లేచి కూర్చుంటుంది."

"కార్డు మార్చినట్టు నాకెవరూ చెప్పలేదన్నయ్యా. మార్చింది ఈ గదిలోదేనా?"

"ఇందులోదే అనుకుంటా."

అనుకుంటా అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పెద్దసారు దగ్గరికొచ్చి వంగాడు. విషయం చెప్పింది. "ఒకటి లేవలేదు, ఒకటి అడుగుతోంది. అదీ ఇదీ ఒకటే అయ్యుండొచ్చుగా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, ఆశ ఉంది. ఆయనకూ ఆ పిల్ల గెలవాలనే ఉంది.

"అయ్యుండొచ్చు సార్. కాకపోనూ వచ్చు. ఆ భవనంలో ఇదే వైరు మీద ఇంకేం మెషీన్లున్నాయో నాకు పూర్తిగా తెలీదు. ఇది వాటిలో ఏదైనా అయితే, నేను జవాబిస్తే తుడిచేస్తుంది."

"ఎక్కువ సేపు అడగదది," అన్నాడు బక్కాయన. "ఇప్పుడు వదిలేస్తే పన్నెండు కావు చెల్లెమ్మా. పైవాళ్ళు చూస్తున్నారు."

ఎక్కించవే తల్లీ, అదే అయ్యుంటుంది, ఎక్కించు అని లోపల కేకలు పెడుతున్నాను. ఒక్క నంబరు. నాలుగు వేళ్ళ పని. కిటికీ లేని గది, వైర్ల చుట్టలు నా కళ్ళముందు ఆడుతున్నాయి.

మా కోడలు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎర్రవాక్యం ఇంకా కాసేపు ఉంది. తర్వాత మాయమైపోయింది. ముందు వరసలో ఒక బూట్లాయన పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. ఆ క్షణాన నా చేతిలో ఏముంటే అది విసిరేదాన్ని, ఫోనుకు తాడుండబట్టి బతికిపోయాడు.

ఆవిడ లేచి నిలబడింది. "పదకొండు లేచాయి సార్. ఒకటి లేవలేదు. అలాగే రాయండి. కింద షెడ్డుకి ఒకసారి ఫోన్ చేసి, వాళ్ళ మెషీనేదైనా ఇప్పుడు ఆగి లేచిందేమో అడగండి."

పెద్దసారు అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. షెడ్డులో ఏ అంబులెన్సు ఎటు వెళ్ళాలో చెప్పే మనిషి ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు.

"అవును సార్, ఇందాక కరెంటు మినుక్కుమంది. మా మెషీను టక్కున ఆగిపోయింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిందిగా. స్క్రీను నల్లగా పెట్టుకుని ఏదో వెతుక్కుంటూ కూర్చుంది, నాకు ప్రాణం పోయిందనుకోండి. మళ్ళీ దానంతటదే వచ్చేసింది. సార్, బండి దారిలో ఉంది, కాన్పు కేసు, నొప్పులు ఎక్కువయ్యాయట, రోడ్డు తవ్వేశారు. పక్కదారి చూసి చెబుతున్నాను. పెట్టేస్తానండీ."

ఫోను కట్టైపోయింది. పెద్దసారు రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బక్కాయన మొహంలో నెత్తురు లేదు. ఆ బండి ఎక్కడుందో, ఏ ఇంటినుంచి బయల్దేరిందో, ఎటు పోవాలో చూపించేది ఆ మెషీనే. నాలుగు వేళ్ళు ఆడించి ఉంటే, సరిగ్గా ఆ సమయానికి పలక తుడిచినట్టు తుడిచిపెట్టుకుపోయేది.

పైవాళ్ళలో పెద్దాయన, తెల్లజుట్టు మనిషి, మొదటిసారి నోరు విప్పాడు. "అది షెడ్డు మెషీనని మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలీదు సార్. తెలీదు కాబట్టే ఆగాను."

ఆయన ఫోన్ల పరీక్ష కానివ్వమన్నాడు. లేచిన పదకొండూ పన్నెండోదాని పని కూడా పంచుకున్నాయి. మేం అందరం ఒక్కసారిగా ఫోన్లు తిప్పాం. నా ఫోను రెండో రింగుకే ఎత్తారు. ఒక్క ఫోనూ తప్పిపోలేదు. లేవని దానికి ఏం రోగమో తర్వాత మనిషెళ్ళి చూస్తే, ప్లగ్గు వదులుగా ఉందట, అంతే. కార్డు మార్చింది వేరే గదిలో మెషీనుకట.

పైవాళ్ళు పక్కగదిలోకెళ్ళి కూర్చున్నారు. టీలు వెళ్ళాయి. కప్పులు తిరిగొచ్చాయి. మా కోడలు ఆ చిన్న బల్ల దగ్గరే కూర్చుని, తీర్పేమిటో తెలిసినదానిలా, తన సామాను సర్దుకుంటోంది. శాలువా మడిచి సంచిలో పెట్టింది. వైర్లు చుట్టింది. నేను లేచెళ్ళి పక్కన కూర్చున్నాను.

తెల్లజుట్టాయన బయటికొచ్చి, నిలబడే చెప్పాడు. "షరతు ప్రకారం పన్నెండు లేవాలి. పదకొండే లేచాయి. నివేదికలో అలాగే రాస్తున్నాం, ఆవిడ అలాగే రాయమంది కాబట్టి. ఇక ఈ పని ఎవరి చేతిలో ఉండాలనేది వేరే మాట. అందరూ చూస్తుండగా, తన ఉద్యోగం పోతుందని తెలిసి, అనుమానమున్న చోట చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషి చేతిలో ఉండాలి. ఈ రెండు భవనాలే కాదు, మిగతా ఊళ్ళ గదులు కూడా ఆవిడే చూస్తుంది."

బూట్లాయన నవ్వు ఎక్కడికి పోయిందో చూద్దామనుకున్నాను గానీ, కళ్ళు మసకైపోయి ఏమీ కనబడలేదు.

పెద్దసారు ఇంకోసారి షెడ్డుకి ఫోన్ చేసినట్టున్నాడు. బండి ఆసుపత్రి చేరిందని చెప్పాడు. తల్లి లోపలుందట, ఇంకా కబురు రాలేదట.

బయటికొచ్చి మెట్లు దిగుతున్నాం. అప్పటిదాకా నిటారుగా నడిచిన పిల్ల సగం మెట్ల మీద కూలబడిపోయింది. జనం దిగుతూ పక్కనుంచి వెళ్తున్నారు. నేనూ చీర సంగతి చూడకుండా ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

"పోయిందనుకున్నానత్తయ్యా. చేతులు తీసేసినప్పుడే, ఇక స్టోరుకే అనుకున్నా."

"అనుకునే తీశావా?"

"ఊఁ."

అంతవరకు బిగపట్టిన ఏడుపు అప్పుడొచ్చింది దానికి. నాకూ వచ్చింది, దాచుకోలేదు. ఆ తల నా భుజానికేసి అదుముకుని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎదురుగా అనని మాట అనేశాను.

"ఒసేయ్ పిచ్చిదానా, నాకెంత గర్వంగా ఉందో తెలుసా? ఆ తెల్లజుట్టాయన ఇవాళ నిన్ను స్టోరుకి పంపేసినా సరే, రేపు నేనే నీ వెంట వచ్చి ఆ వైర్ల చుట్టలు సర్దేదాన్ని. దారిలో కనబడినవాళ్ళకల్లా ఈమె మా కోడలని చెప్పుకుంటూ వచ్చేదాన్ని."